దెబ్బ తిని మళ్లీ అల ఎక్కిన మనిషి మీద డాక్యుమెంటరీ ఎలా తీయాలి?

"మా వైపు ఒక కుర్రాడున్నాడు, సర్ఫింగ్ చేస్తూ బాగా దెబ్బ తిన్నాడు, కోలుకుని మళ్లీ సముద్రంలోకి దిగుతున్నాడు. వాడి మీద చిన్న డాక్యుమెంటరీ తీయాలని ఉంది. ఏ కెమెరా కొనమంటారు?" ఈ ప్రశ్న రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. కొందరి విషయంలో సర్ఫర్ బదులు కొండలెక్కే అమ్మాయి, ఇంకొందరి విషయంలో సముద్రంలో ఈదే పెద్దాయన. అడిగేది మాత్రం కెమెరా గురించే. విడివిడిగా జవాబులు రాసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. కెమెరా సంగతి ఐదో మెట్టులో వస్తుంది, అప్పటిదాకా డబ్బు ఖర్చు పెట్టకండి.

ఉదాహరణకు విశాఖ తీరాన్ని తీసుకున్నాను. ఇద్దరు ముగ్గురు మనుషులు, 15 నుంచి 20 నిమిషాల సినిమా, చేతిలో ఉన్న సామాను అనే లెక్కలో చెబుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూడండి. బ్రెజిల్ సర్ఫర్ మాయా గబీరా 2013 అక్టోబర్‌లో పోర్చుగల్‌లోని నజరే దగ్గర ఒక భారీ అల మీద నుంచి పడిపోయింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది, స్పృహ తప్పింది. తోటి సర్ఫర్ కార్లోస్ బుర్లే ఒడ్డుకు లాక్కొస్తే, అక్కడ గుండె నొక్కి ఊపిరి పోశారు. తర్వాత వెన్నుకు ఆపరేషన్లు జరిగాయి. 2018 జనవరిలో అదే నజరేలో 68 అడుగుల అల ఎక్కి మహిళల్లో గిన్నిస్ రికార్డు సాధించింది, 2020లో 73.5 అడుగులతో తన రికార్డును తానే దాటింది. అల మీద ఆమె నిలబడింది కొన్ని సెకన్లు. పడిన రోజుకూ మొదటి రికార్డుకూ మధ్య గడిచింది నాలుగేళ్ల పైమాట. మీ సినిమా ఈ రెండింటిలో దేని గురించి? నా మటుకు నేను 20 నిమిషాల్లో కనీసం 12 నిమిషాలు ఒడ్డు మీదే ఉండాలంటాను. కింది మెట్లన్నీ ఆ లెక్క ప్రకారం రాసినవే.

ఏమేం కావాలి

- వీడియో బాగా తీసే ఫోన్ గానీ, లెన్సులు మార్చుకునే కెమెరా గానీ. కెమెరా అయితే 200 మి.మీ. దాటిన జూమ్ లెన్స్ అద్దెకు తెచ్చుకోండి.
- గట్టి ట్రైపాడ్. ఇసుకలో కూరుకుపోకుండా కాళ్ల కింద పెట్టడానికి మూడు చెక్క ముక్కలు.
- కాలర్ మైకు, దానికి బొచ్చు తొడుగు. డబ్బులు తక్కువైతే లెన్స్ మానుకోండి, మైకు మానుకోవద్దు.
- ఎన్‌డీ ఫిల్టర్. లెన్స్‌లోకి వెళ్లే వెలుగు తగ్గించే నల్లటి అద్దం ఇది. లేకపోతే మధ్యాహ్నం ఎండలో వీడియో తెల్లగా పేలిపోతుంది.
- నీళ్లలోకి దిగేటట్టయితే యాక్షన్ కెమెరా, చేతికి కట్టుకునే తాడు, కాళ్లకు ఫిన్స్, తలకు హెల్మెట్.
- రెండు హార్డ్ డిస్కులు. ఒకటి సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.
- ఐదు లీటర్ల మంచినీళ్ల క్యాన్, మెత్తటి బట్టలు, సిలికా జెల్ పొట్లాలు.
- ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు.

1. ముందు మనిషితో మాట్లాడండి, కెమెరా లేకుండా

మొదటి రెండు మూడు సార్లు వట్టి చేతులతో వెళ్లండి. అతను ఎప్పుడు లేస్తాడు, ఎవరితో వెళ్తాడు, దెబ్బ తగిలిన వైపు ఎలా ఒరిగి కూర్చుంటాడు, ఇంట్లో ఈ సర్ఫింగ్ ఎవరికి ఇష్టం లేదు అన్నవి గమనించండి. ఇష్టం లేని ఆ మనిషే తరచూ మీ సినిమాలో రెండో ముఖ్యపాత్ర అవుతారు. చాలా ఇళ్లలో అది అమ్మే.

తర్వాత ఒక కాగితం మీద ఒప్పందం రాసుకోండి. తెలుగులో, ఒక పేజీ చాలు. ఏం తీస్తారు, ఎక్కడ చూపిస్తారు, డబ్బులు వస్తే ఎవరికెంత, ఆసుపత్రి కాగితాలూ ఎక్స్‌రేలూ చూపించవచ్చా, ఏ విషయం తీయకూడదు, ఇవన్నీ ఉండాలి. మనిషికి 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి.

హెచ్చరిక: ప్రమాదం జరిగి కొద్ది వారాలే అయితే ఆగండి. నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్న మనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టి ఆ రోజు మళ్లీ చెప్పమనడం తప్పు. అప్పటిదాకా ఫిజియోథెరపీ, ఇల్లు, స్నేహితులు, వీటిని మాత్రం అనుమతితో తీసిపెట్టుకోవచ్చు.

2. ఒక వస్తువు, లేదా ఒక పని పట్టుకోండి

"పట్టుదల", "ఆత్మవిశ్వాసం" లాంటి మాటలకు కెమెరా పెట్టలేం. వాటి బదులు కంటికి కనిపించేది ఒకటి వెతకండి.

హవాయి దీవుల్లోని కవాయ్‌లో 2003 అక్టోబర్ 31న బెథనీ హామిల్టన్ అనే 13 ఏళ్ల అమ్మాయి ఎడమ చెయ్యిని టైగర్ షార్క్ కొరికేసింది. నెల తిరక్కముందే ఆమె మళ్లీ నీళ్లలోకి దిగింది. ఈ వార్త చాలామందికి తెలుసు. నాకు అంతకంటే విలువైనదిగా అనిపించే వివరం వేరే ఉంది. ఎదురొచ్చే అల కిందికి దూరాలంటే సర్ఫర్ రెండు చేతులతో బోర్డును నీళ్లలోకి నొక్కాలి. ఒక్క చేత్తో అది కుదరదు. అందుకని వాళ్ల నాన్న ఆమె బోర్డు మధ్యలో ఒక పిడి బిగించాడు. ఆ పిడిని దగ్గరగా చూపించి, ఆమె దాన్ని పట్టుకుని అల కిందికి దూరడం చూపిస్తే, ఇంటర్వ్యూలో పది నిమిషాలు చెప్పే సంగతి పది సెకన్లలో అర్థమైపోతుంది.

మీ మనిషి దగ్గరా ఇలాంటిది ఉంటుంది. మోకాలికి కట్టుకునే పట్టీ, మెట్లు దిగేటప్పుడు ముందు ఏ కాలు వేస్తాడన్నది, అమ్మిన బోర్డు, ప్రమాదం తర్వాత మార్చుకున్న ఉద్యోగం, ఏదైనా కావచ్చు. దాన్ని మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి తీయండి. రెండింటి మధ్య తేడా కనబడితే కోలుకున్నాడని మీరు నోటితో చెప్పనక్కర్లేదు.

సరిచూసుకోవడం: సినిమా దేని గురించో ఒక్క వాక్యంలో రాయండి. అందులో కనీసం ఒక క్రియ కెమెరాకు దొరికేది అయ్యుండాలి. "ధైర్యంగా జీవితాన్ని ఎదుర్కొన్న యువకుడి కథ" అంటే పనికిరాదు. "భుజం జారిపోయిన జాలరి కుర్రాడు ఒంటిచేత్తో పాడిల్ చేయడం నేర్చుకుంటున్నాడు" అంటే తీయగలరు. (పాడిల్ అంటే బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోస్తూ ముందుకెళ్లడం.)

3. సముద్రాన్ని బట్టి రోజులు వేసుకోండి

కొత్తవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అలల అంచనా కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ మన తీరానికి అల ఎత్తు, అలల మధ్య వ్యవధి, దిశ, గాలి అన్నీ ముందే చెబుతుంది. మూడు అంకెలు చూడండి. మొదటిది ఎత్తు. అక్కడ రాసేది మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు తీసుకుని కట్టిన సగటు. అంటే 1.5 మీటర్లని ఉంటే, అప్పుడప్పుడూ దానికి దాదాపు రెట్టింపు అల కూడా రావచ్చు. రెండోది వ్యవధి. ఐదారు సెకన్లంటే దగ్గర్లో గాలి లేపిన చిల్లర అలలు, సర్ఫింగ్‌కు అంత బాగుండవు. 10 సెకన్లు దాటితే దూరం నుంచి వస్తున్న ఉబ్బు, వరసలు శుభ్రంగా వస్తాయి, బలమూ ఎక్కువే. మూడోది గాలి. ఎత్తైన అలల హెచ్చరిక ఉన్న రోజు షూటింగ్ మానేయండి, దాని మీద చర్చ వద్దు.

పోటు, పాటు సమయాలు కూడా రాసుకోండి. విశాఖలో రెండింటి మధ్య తేడా రెండు మీటర్ల లోపే అయినా, అల ఎక్కడ విరుగుతుందన్నది దాన్ని బట్టి మారుతుంది. ఏ పోటులో ఎక్కడ నిలబడాలో అంకెలకంటే ఆ ఒడ్డున వల లాగేవాళ్లు బాగా చెబుతారు. "బాబాయ్, ఈ రోజు నీళ్లు ఎటు లాగుతున్నాయి?" అని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మనది తూర్పు తీరం. పొద్దున్నే గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి చాలా రోజులు అలలు నున్నగా ఉంటాయి. కానీ అదే సమయానికి సూర్యుడు సముద్రం మీద, మీ లెన్సుకు ఎదురుగా ఉంటాడు. మధ్యాహ్నం తర్వాత వెలుగు మీ వీపు వెనక నుంచి సర్ఫర్ ముఖం మీద పడుతుంది, రంగులు బాగుంటాయి. అప్పటికి సముద్రం నుంచి గాలి లేచి అలలన్నీ గజిబిజి అయిపోతాయి. మంచి అలలూ, మంచి వెలుగూ ఒకేసారి దొరకవు. కాలిఫోర్నియా పడమటి తీరంలో తీసిన వీడియోలు చూసి ప్లాన్ వేసుకునేవాళ్లు ఈ సంగతి గమనించరు.

దీనికి మూడు ఉపాయాలు. ఒకటి, పొద్దున్న ముఖం కోసం ప్రయత్నించకండి, నల్లటి ఆకారాలుగానే తీయండి. మెరిసే నీళ్ల మీద మనిషి ఆకారం అందంగానే ఉంటుంది. రెండు, విశాఖ తీరం ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. డిసెంబర్‌లో సూర్యుడు దాదాపు అటునుంచే వస్తాడు. జూన్‌లో ఈశాన్యం వైపు నుంచి, అంటే మీ ఎడమ పక్క నుంచి వస్తాడు. ఎడమ చివరకు వెళ్లి కెమెరాను కుడివైపు తిప్పి పెడితే జూన్ పొద్దుటి వెలుగు బాగా పనికొస్తుంది. మూడు, ఆకాశం పలచగా మబ్బు పట్టిన రోజును వదలకండి. ఆ రోజు పొద్దున్నంతా ముఖాలు దొరుకుతాయి.

నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు పెద్దవి, వానతో పేచీ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం. షెడ్యూల్ వేసేటప్పుడు అనుకున్న రోజులకు రెట్టింపు చేతిలో ఉంచుకోండి.

4. ఇంటర్వ్యూ ఒడ్డున వద్దు

వెనక సముద్రం కనబడుతుంటే బాగుంటుందని అందరూ అక్కడే కూర్చోబెడతారు. ఇంటికెళ్లి వింటే అలల హోరు తప్ప మాట వినపడదు. ఇంటర్వ్యూ ఇంట్లో, ఫ్యాన్ ఆపి, ఫ్రిజ్ స్విచ్ తీసి (మళ్లీ వేయడం మరిచిపోకండి), తలుపులు మూసి తీయండి. చివర్లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది చప్పుడు రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే దిక్కు. అలల శబ్దాన్ని ఒడ్డున విడిగా రికార్డు చేసి తర్వాత కలపండి.

"పడినప్పుడు ఎలా అనిపించింది?" అని మొదలుపెట్టకండి. "చాలా బాధ అనిపించింది సార్" అని జవాబు వస్తుంది, అక్కడితో అయిపోతుంది. చిన్న చిన్న వాస్తవాలు అడగండి.

- "ఆ రోజు పొద్దున్న ఏం తిని వెళ్లావు తమ్ముడూ?"
- "నీళ్లలోకి వెళ్లేటప్పుడు పక్కన ఎవరున్నారు?"
- "కళ్లు తెరిచేసరికి మొదట ఏం కనపడింది?"
- అమ్మతో: "అమ్మా, మీకు ఫోన్ ఎవరు చేశారు? అప్పుడు మీరేం చేస్తున్నారు?"

అమ్మ "పప్పు పొయ్యి మీద ఉంది బాబూ, ఆపానో లేదో కూడా తెలీదు" అంటే చాలు, మీరు ఇంకేమీ అడగనక్కర్లేదు. చెప్పడం ఆపేశాక కూడా కెమెరాను కొన్ని సెకన్లు నడవనివ్వండి, తరచూ అసలు మాట అప్పుడే వస్తుంది.

యాస సరిదిద్దకండి. ఉత్తరాంధ్ర మాట ఉత్తరాంధ్ర మాటలాగే ఉండాలి. "కొంచెం మంచి తెలుగులో చెప్పు" అన్నారంటే ఆ మనిషి మీ ముందు మళ్లీ మనసు విప్పడు. అతని జవాబులో మీ ప్రశ్న కూడా కలిసేలా చెప్పమనండి, లేకపోతే "అవునండి, మూడు నెలలు" అనే ముక్కలు మిగులుతాయి.

5. ఒడ్డు నుంచి తీయడం

ఇప్పుడు కెమెరా. మీ దగ్గర ఏది ఉంటే అది. కొత్తది కొనే డబ్బుతో మరో పది రోజులు అక్కడ ఉండగలిగితే, పది రోజులే మేలు.

సెట్టింగులు: మామూలు దృశ్యాలకు సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. అలల మీద 50 గానీ 100 గానీ ఫ్రేములు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30, 60 పెట్టుకుంటే ఇంట్లో ట్యూబ్‌లైట్ల కింద మినుకుమినుకు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను తెల్లటి నురగ చూసి పెట్టండి. నురగ తెల్లగా కాలిపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. కాస్త చీకటిగా వచ్చిన ముఖాన్ని మాత్రం లేపుకోవచ్చు.

ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని నేరుగా బీచ్‌కి వెళ్తే లెన్స్ మీద మంచు పడుతుంది. అరగంట ముందే బ్యాగు మూసి ఉంచి వరండాలో పెట్టండి.

ఇక తరచూ జరిగే పొరపాట్లు.

సర్ఫర్ నిలబడ్డాక రికార్డు నొక్కడం. బోర్డు మీద పడుకుని చేతులు కదపడం మొదలుపెట్టగానే నొక్కండి.

పడగానే ఆపేయడం. ఇది మీ సినిమాకు చేసే అన్యాయాల్లో పెద్దది. పడ్డాక తల నీళ్ల పైకి రావడం, దగ్గడం, బోర్డును తాడు పట్టి లాక్కోవడం, మళ్లీ లోపలికి పాడిల్ చేయడం, ఈ నిమిషమంతా ఉంచండి. కోలుకోవడం గురించి సినిమా తీస్తూ ఇది తీయకపోతే తీయాల్సినదే వదిలేసినట్టు.

అల మధ్యలో జూమ్ చేయడం. ముందే కాస్త వెడల్పుగా ఫ్రేము పెట్టుకుని, అలాగే తిప్పుతూ పోండి.

దిగంతం ఒరిగిపోవడం. సముద్రం వంకరగా ఉంటే చూసేవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది. ట్రైపాడ్ మీద బుడగ చూసుకోండి.

అలను ఉన్నదానికంటే పెద్దగా చూపించడం. నజరే వీడియోల్లో ఆ ఎత్తు ఎందుకు నమ్ముతామంటే ముందు కోట, లైట్‌హౌస్, దాని మీద మనుషులు ఉంటారు కాబట్టి. మీరూ ఫ్రేములో పడవో, మనిషో ఉండేలా చూడండి. మన తీరంలో చాలా రోజులు అల నడుం దాకానో భుజం దాకానో ఉంటుంది, అలాగే చూపించండి. విరిగిన భుజంతో నడుమెత్తు అల ఎక్కడం చిన్న పనేం కాదు.

చోటు విషయంలో ఒక జాగ్రత్త. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. డాల్ఫిన్స్ నోస్ వైపు, నౌకలూ స్థావరాలూ ఉన్నవైపు లెన్స్ తిప్పకండి. రుషికొండ లాంటి బీచ్‌ల్లో పెద్ద ట్రైపాడ్ కనబడితే అనుమతి ఉందా అని అడగవచ్చు, ముందే కనుక్కుని కాగితం జేబులో పెట్టుకోండి.

6. నీళ్లలో తీయడం

మీకు అలల్లో ఈత రాకపోతే ఈ మెట్టు దాటేయండి. స్విమ్మింగ్ పూల్‌లో వచ్చిన ఈత లెక్కలోకి రాదు. సర్ఫర్ బోర్డు ముందు భాగంలో యాక్షన్ కెమెరా అతికించి అతన్నే తీయమనండి. ఆ షాట్లు చాలు.

వచ్చినవాళ్లు కూడా ఒంటరిగా దిగకండి. ఒడ్డున ఒకరు మిమ్మల్నే చూస్తూ ఉండాలి, ఆ మనిషి చేతికి ఫోన్, కెమెరా ఇవ్వకండి. ఆర్కే బీచ్‌లో నీళ్లు లోపలికి లాగేసి ఎందరు పోయారో వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అలలు విరగకుండా నిశ్శబ్దంగా, కాస్త మురికి రంగులో ఉన్న దారి కనబడితే అదే రిప్ కరెంట్, అంటే మనిషిని సముద్రంలోకి లాగేసే ప్రవాహం. కొత్తవాళ్లకు అదే భద్రమైన చోటులా కనిపిస్తుంది. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకండి, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడండి. 108, 112 నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి.

అల విరిగేచోట బోర్డుకు ఎదురుగా ఉండొద్దు, పక్కన అల భుజం వైపు, అంటే అల ఇంకా విరగని వైపు ఉండండి. కెమెరా కంటే ముందు తల కాపాడుకోండి, అందుకే హెల్మెట్.

లెన్స్ ముందు అద్దం మీద నీటి చుక్కలు నిలిచి షాట్ పాడవుతుందా? అలల్లో ఫొటోలు తీసేవాళ్లు అద్దాన్ని నాలుకతో తడుపుతారు, ఉమ్మి పలచటి పొరగా పరుచుకుని చుక్కలు కట్టనివ్వదు. అసహ్యంగా ఉందనుకుంటే షాట్‌కు ముందు కెమెరాను ఒకసారి నీళ్లలో ముంచి తీయండి, కొన్ని సెకన్లు శుభ్రంగా వస్తుంది.

బయటికి వచ్చాక హౌసింగ్‌ను (నీళ్లు చొరకుండా కెమెరాకు తొడిగే పెట్టెను) అక్కడే తెరవకండి. మంచినీళ్లలో పావుగంట నానబెట్టి, తుడిచి, గదిలోకి వెళ్లాక తెరవండి. రబ్బరు రింగు మీద ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక ఉన్నా మరుసటి రోజు కెమెరా లోపలికి ఉప్పునీళ్లు వెళ్తాయి. దిగేముందు కెమెరా లేకుండా ఖాళీ హౌసింగ్‌ను బకెట్‌లో ముంచి చూడండి.

7. ప్రమాదం జరిగినప్పటి వీడియో లేకపోతే

చాలామందికి ఉండదు. ఉన్నా స్నేహితుడి ఫోన్‌లో ఊగిపోతూ ఎనిమిది సెకన్లు ఉంటుంది. అదే వాడండి, బాగుచేయకండి.

అసలేమీ లేకపోతే రెండు దారులు. 1985లో పెరూలోని సియులా గ్రాండే పర్వతం మీద జో సింప్సన్ కాలు విరిగి, తోటివాడు సైమన్ యేట్స్ తాడు కోయాల్సి వచ్చిన ఉదంతం మీద 2003లో వచ్చిన సినిమాలో, జరిగినదంతా నటులతో మళ్లీ తీశారు. సింప్సన్, యేట్స్ మాత్రం కెమెరా వైపు చూస్తూ తామే చెప్పారు. మాట అసలు మనుషులది కాబట్టి బొమ్మ నటులదైనా నమ్ముతాం. అది పెద్ద బడ్జెట్ పని. మీరు ఆ దారిలో వెళ్తే తెర మీద "పునఃచిత్రణ" అని రాయండి.

రెండో దారి చవక, నాకు ఇష్టమైనదీ అదే. అదే చోట, అదే సమయానికి ఖాళీ సముద్రాన్ని తీసి, మీద అతని గొంతు పెట్టండి. లేదా ఇసుకలో పుల్లతో గీసి చూపించమనండి: "ఇక్కడ నేను, ఇక్కడ రాయి, అల ఇటునుంచి." ఆ చేతిని దగ్గరగా తీయండి.

ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో పడిపోయే వీడియో పెట్టి ఇతనిదన్నట్టు చూపించడం మాత్రం మోసం. కాపీరైట్ సంగతి తర్వాత.

8. డ్రోన్

250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజమే. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయవచ్చని కాదు. ప్రభుత్వ ఎయిర్‌స్పేస్ మ్యాప్ తెరిచి మీ చోటు ఏ రంగులో ఉందో చూడండి. విశాఖలో నౌకాదళ ఎయిర్ స్టేషన్ ఉంది, రెడ్ జోన్‌లో పడితే కేంద్రం అనుమతి లేకుండా లేపకూడదు. పైనుంచి షాట్ కావాలంటే కైలాసగిరి ఎక్కి పెద్ద జూమ్‌తో తీయండి.

9. ఎడిటింగ్

ప్రతి రాత్రీ కార్డును రెండు డిస్కుల్లోకి ఎక్కించి, రెండింటిలోనూ నాలుగు క్లిప్పులు తెరిచి చూశాకే ఖాళీ చేయండి. డిస్కులు రెండూ ఒకే బ్యాగులో పెట్టకండి.

ముందు మాటలు మాత్రమే వరసగా పేర్చండి, బొమ్మ సంగతి మరిచిపోండి. వింటే కథ అర్థమవ్వాలి. అప్పుడు బొమ్మలు వేయండి. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి మాట మధ్యలో కోయకండి, కోస్తే చేశాడో మానేశాడో కూడా తెలియదు.

స్లో మోషన్ రెండు మూడు చోట్ల చాలు. అన్ని అలలూ నెమ్మదిగా దొర్లుతుంటే కాసేపటికి మంచం ఎక్కాలనిపిస్తుంది. సంగీతం కూడా అంతే. అమ్మ మాట్లాడుతుంటే వయొలిన్ ఎందుకు? సినిమా పాట వాడితే వీడియో తీసేస్తారు, లైసెన్స్ ఉన్న సంగీతమే వాడండి. లేదా ఆ ఊరి జాలర్లను అడిగి, అనుమతితో వాళ్ల పాట రికార్డు చేసుకోండి.

"మూడు నెలలు చాలా కష్టపడ్డాడు" అని ఒక గొంతు చెబుతుండగా చకచకా వ్యాయామం చేసే ముక్కలు పేర్చడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే. దాని బదులు, ఫిజియో గదిలో ఒక్క వ్యాయామాన్ని మొత్తం చూపించండి. చెయ్యి భుజం ఎత్తు దాకా లేచి, ఆగి, వణికి, కిందికి దిగిపోవడం 40 సెకన్లు కట్ లేకుండా. కూర్చున్నవాళ్లు తమ భుజం తామే పట్టుకుంటారు.

10. బాగా వచ్చిందో లేదో తెలుసుకోవడం

- శబ్దం ఆపేసి చూడండి. ఎవరికి ఏమైందో సుమారుగా అర్థం కావాలి.
- కళ్లు మూసుకుని వినండి. ఒక్క మాట కూడా "ఏమన్నాడు?" అనిపించకూడదు.
- సర్ఫింగ్ అంటే తెలియని ముగ్గురికి చూపించండి, వాళ్లు మీ బంధువులు కాకూడదు. "ఎలా ఉంది?" అని అడిగితే బాగుందనే అంటారు. "అతను ఎందుకు మళ్లీ దిగాడు? ఎక్కడ విసుగొచ్చింది? ఇంకా ఏం తెలుసుకోవాలనిపించింది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు ముగ్గురూ తెల్లమొహం వేస్తే మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లాల్సిందే.
- తేదీలు, ఆపరేషన్ల సంఖ్య, ఎముకల పేర్లు ఆసుపత్రి కాగితాలతో సరిచూడండి. మనిషి జ్ఞాపకం నెలలను అటూ ఇటూ చేస్తుంది.
- ఆ మనిషికీ ఇంట్లోవాళ్లకూ విడుదలకు ముందు చూపించండి. తప్పులు చెబితే దిద్దండి. "ఇది వద్దు" అంటే కారణం అడగండి, ఒప్పందంలో రాసుకున్నదైతే తీసేయండి.

సముద్రం లేని ఊళ్లో ఉంటే

తెలంగాణ నుంచి అడిగేవాళ్లకు: భువనగిరి కోట రాయి మీ సముద్రం. అక్కడ రాక్ క్లైంబింగ్ శిక్షణ ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు ఆ రాయి మీదే నేర్చుకుని, 2014 మే 25న, 14 ఏళ్లు కూడా నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. పై మెట్లలో ఒకటి, రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, పది యథాతథంగా పనికొస్తాయి. తేడాలు ఇవి.

కింద నిలబడి తీస్తే బూట్ల అడుగులూ వెనకభాగమూ తప్ప ఏమీ కనపడదు. పక్క నుంచో పైనుంచో తీయాలి, అంటే కెమెరా పట్టుకున్న మనిషి కూడా తాడు మీద వేలాడాలి. ఆ మనిషి ముందు క్లైంబర్ అయ్యుండాలి, తర్వాతే కెమెరామన్. అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే నిటారు కొండను క్లైంబర్ అలెక్స్ హొనాల్డ్ తాడు లేకుండా ఎక్కడాన్ని 2017లో చిత్రీకరించిన 'ఫ్రీ సోలో' డాక్యుమెంటరీ బృందంలో కెమెరా పట్టినవాళ్లు అనుభవమున్న క్లైంబర్లే. తమ వల్ల అతని ఏకాగ్రత చెదురుతుందేమోనని వాళ్ల భయమంతా. అంతకు ముందు సంవత్సరం అతను మొదలుపెట్టి మధ్యలో మానేసి దిగొచ్చాడు, షూటింగ్ కూడా ఆగిపోయింది.

మీరూ మొదటి రోజే ఒక మాట అనుకోండి. "ఈ రోజు వద్దన్నా" అని అతను అంటే ఎందుకని అడగకుండా అందరూ సామాను సర్దాలి. కెమెరా అద్దె, కారు ఖర్చు, ఇవేవీ అతని చెవిన పడకూడదు.

ఎండాకాలం పది దాటాక రాయి కాలిపోతుంది, చేతులు జారతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట పెట్టుకోండి. పైనున్నవాళ్ల దగ్గర ప్రతి లెన్స్, ప్రతి బ్యాటరీ తాడుతో కట్టి ఉండాలి. కింద ఎవరున్నా, టీ తెచ్చిన పిల్లాడైనా, హెల్మెట్ లేకుండా రాయి కిందికి రానివ్వకండి.